రావణుణ్ణి గెలిపించిన నిమ్మకాయ

రావణాసురుడు గెలిచిన దసర మీరెన్నడన్న చూసిండ్రా? చూసి ఉండరు. మా నారాయణఖేడోళ్లు చూసిన్రు. ఊరంత మైదానంల జమై, ఫోన్లు పైకి లేపి మరీ చూసిన్రు. ఆయన్ని గెలిపించింది ఇంకెవరో కాదు, ఆయనకు ఎదురుంగ రాముని వేషంల నిలవడ్డ నేనే. నెత్తి మీద కిరీటం, మొఖానికి నీలం రంగు, చేతిల సొంతంగ చేసుకున్న విల్లు. విల్లు ఎట్ల ఇరిగిందో చెప్తగని, దానికంటె ముందు నోరు ఎట్ల జారిందో చెప్పాలె. నాకాడ ఎప్పుడైన గదే వరుస.

నా పేరు శీను. బస్టాండు ఎదురుంగ ఫోన్లు బాగుచేసే దుకాణం నాది. సిర్గాపూర్ నుంచి, మనూర్ నుంచి, కంగ్టి నుంచి పగిలిన ఫోను పట్టుకొని దిగినోళ్లు సీదా నా దుకాణానికే వస్తరు. వచ్చినోళ్లందరిది ఒకటే మాట. "ఏం చెయ్యలే అన్నా, ఉత్తగనే పగిలింది." ట్రాక్టరు టైరు గుర్తు అద్దం మీద కండ్లకు కనవడుతుంటది, అయినా ఉత్తగనే పగిలింది. బర్రె నోట్లకెళ్లి గుంజిన ఫోను, పండ్ల గాట్లతోటి సహా, ఉత్తగనే పగిలింది. గా మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతది. ఈ సంగతి జర యాదిల పెట్టుకోండ్రి, ముందట పనిపడతది.

అప్పుడు నాకు సంబంధాలు చూస్తున్నరు. తిరిగి తిరిగి మా అమ్మ చెప్పులరిగినయ్. నాకు నచ్చినోళ్లకు నేను నచ్చకపోతి, నేను నచ్చినోళ్లు మా అమ్మకు నచ్చకపోయిరి. చివరికి కంగ్టి దిక్కు ఒక పిల్ల ఉన్నదంటే మా అమ్మను, నన్ను మొయిన్ తన ఆటోల కూసవెట్టుకొని తీస్కపోయిండు. మొయిన్ నా చిన్నప్పటి దోస్తు. ఇంట్ల ఉర్దూ మాట్లాడతడు, నన్ను తిట్టేటప్పుడు మాత్రం తెలుగుల తిడతడు. నాకు మంచిగ సమజ్ కావాలెనట.

పిల్ల పేరు రేణుక. చాయ్ తెచ్చిచ్చి, తలకాయ దించుకోకుండ నా ఎదురుంగనే కుర్చీ ఏసుకొని కూసున్నది. సీదా నా మొఖం దిక్కే చూసింది. నచ్చింది. అబద్ధమెందుకు, మస్తు నచ్చింది.

"మీకు ఏమేం పనులొస్తయ్?" అని అడిగింది.

ఫోన్లు బాగుచేస్త అంటే అయిపోవు. కని అంతకుముందే వాళ్ల నాయిన బస్వరాజు, "ఫోన్ల దుకాణమా, గసొంటియి మా కంగ్టిల గూడ మస్తున్నయ్" అని తీసేసినట్టు అని ఉండె. గందుకే నాకు ఫోన్ల మాట ఎత్తబుద్ధి కాలే. ముందు రోజు చూసిన వీడియో ఒకటి మతికొచ్చింది. ఎవరో గడ్డపాయన అడివిల కూసొని ఒక్క కట్టెను చెక్కి విల్లు చేస్తుండు.

"విల్లు చేస్త" అన్న.

మా అమ్మకు చాయ్ గొంతుల అడ్డం పడ్డది.

"విల్లా? ఎసొంటి విల్లు?" అన్నడు బస్వరాజు.

"ఒంటికట్టె విల్లు మామా. అతుకు లేదు, జిగురు లేదు, ఇనుప మొల లేదు. చెట్టు మీదికెళ్లి వచ్చిన ఒక్కటే కట్టె. ఈ దసరకు మాకాడ రావణుణ్ణి కాల్చే బాణం గా విల్లుతోనే కొడతరు. కొట్టేది గూడ నేనే."

గంత పెద్ద కోత ఒక్క ఊపిరిల కొయ్యొచ్చని నాకు గూడ గప్పుడే తెలిసింది. ఇంకా పిల్లనిస్తనన్లే, అప్పుడే 'మామా' అన్నది గూడ మీరు గమనించే ఉంటరు. బస్వరాజు మీసం సవరించుకున్నడు.

"అట్లనా. దసరకు మేము ఖేడ్లనే ఉంటం, మా చెల్లె ఇల్లు గాడనే. మీ విల్లు చూసినంకనే మా మాట చెప్తం పిల్లగా."

రేణుక చెంబుల నీళ్లు తీస్కపోయి బయట ఆటో కాడ కూసున్న మొయిన్‌కు ఇచ్చొచ్చింది.

వాపస్ వచ్చేటప్పుడు మనూర్ దాటినంక మొయిన్ షురూ చేసిండు.

"పిల్ల నన్నొక మాట అడిగింది శీనూ. మీ దోస్తు విల్లులు చేస్తడా అని."

"నువ్వేమన్నవ్?"

"ఏమన్లే. నవ్విన."

"నవ్వితే ఆమెకేం సమజైతది?"

"నవ్విన అని సమజైతది. అరే భాయ్, నువ్వు ఇంతవరకు పిట్టలను కొట్టే గుల్లేరు గూడ సక్కగ చెయ్యలే. విల్లు ఎప్పుడు చేస్తవ్?"

"రేపు."

"ఎట్ల చేస్తవ్?"

"ఫోన్ల చూసిన కద."

వెనుక కూసున్న మా అమ్మ కొంగుతోటి మొఖం తుడుసుకున్నది. "వీడు పుట్టినప్పుడు మంత్రసాని చెప్పింది, పిల్లగానికి ముందుగాల నోరు బయటికొచ్చిందమ్మా అని. నేనే ఇనుకోలే. గీ సంబంధం చెడితే నేను ఇంకో ఊరు తిరగ శీనూ. నువ్వే ఎతుక్కో."

నేను భయపడ్డననుకుంటున్నరా? రామ రామ. నా రక్తంల భయం లేదు. తెల్లారంగనే దసర కమిటీ పెద్ద విఠల్ సేటు కిరాణా దుకాణానికి పోయిన. మాకాడ ఏటా జరిగే ముచ్చట మీకు చెప్పాలె. వెదురుబద్దకు మెరుపు కాయితం చుట్టి, దాన్నే విల్లు అని రాముని చేతిల పెడతరు. బాణం వంద ఒట్లు పెట్టుకొని బయలుదేరినట్టు బయలుదేరి, రాముని కాళ్ల ముందటనే కూలవడతది. ఇగ వెనుకకెళ్లి ఎవడో ఒకడు అగ్గిపుల్ల గీసి రావణునికి అంటిస్తడు. జనం గూడ చూడనట్టే చప్పట్లు కొడతరు. ఊరి పరువు కద.

"సేటూ, ఈపారి వెదురుబద్ద బంద్. అసలు విల్లు నేను చేస్తున్న" అన్న.

"ఇరిగితేనో?"

"ఇరిగేటియి ఇంకోళ్లు చేసినయ్ సేటూ. నేను చేసింది ఇరగది."

సేటు పప్పు తూకం ఏసుకుంటనే, "మంచిగ. రాముని వేషం గూడ నువ్వే ఏసుకో, కిరీటం నీ తలకాయకు సరిపోతది" అన్నడు. అది మెచ్చుకోలో కాదో నేను విచారించలే. పని మొదలు వెట్టిన.

మొదటి విల్లు మా పెరట్ల వేపకొమ్మతోటి. పచ్చిది కొట్టుకొచ్చి, ఆకు దూసి, తాడు కట్టిన. ఎంత మంచిగ వంగిందనుకున్నరు. మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలన్నరు గని, మొక్కై వంగి మళ్లొచ్చి లేవకపోతే ఏం చెయ్యాల్నో చెప్పలే. తాడు ఇడిసినా అది గట్లనే గూనితోటి కూసున్నది. బాణం పెట్టి కొడితే పక్కనున్న కోడిపెట్ట గూడ జరగలే.

"ఏమైంది?" అన్నడు మొయిన్.

"పచ్చికట్టె పనికిరాదని తెలిసింది. ఎండుకట్టె కావాలె. తెలుసుకుంటేనే కద మనిషి."

మా కొట్టం అటక మీద తుమ్మమొద్దు ఒకటి ఉండె. నాగలికి పనికొస్తదని ఎప్పుడో నాయిన పెట్టిండు. ఇప్పుడు దున్నేది ట్రాక్టరాయె, మొద్దు అటక మీదనే ఎండి ఇనుము లెక్క అయ్యింది. నాయిన చేనుకు పోంగ చూసి దాన్ని దించి, గొడ్డలి పెట్టి నిలువుగ చీల్చిన. రెండు బద్దలొచ్చినయ్. ఒక బద్దను పట్టుకొని, బెరడు తీసి, రందా పట్టి అన్ని దిక్కుల నున్నగ తోమిన. ముఖ్యంగ బయటి దిక్కు. జనానికి కనవడేది గదే కద, మెరవాలె. నూనె గూడ రాసిన. అద్దం లెక్క మెరిసింది. తాడు కట్టి సగం గుంజిన్నో లేదో, ఫట్‌మని రెండు ముక్కలై ఒక ముక్క పోయి బర్ల దానా బొక్కెనల పడ్డది.

"ఇగ బంద్ చెయ్ భాయ్. పిల్ల తరపోళ్లకు ఫోన్ చేసి జొరమొచ్చిందని చెప్పు" అన్నడు మొయిన్.

నేను ఆ ముక్కలు పారెయ్యలే. పగిలిన ఫోను విప్పి ఎక్కడ దెబ్బ తాకిందో చూసుడు నా రోజువారి పని. గట్లనే ముక్కలు ముందట ఏసుకొని కూసున్న. చూస్తే సంగతి తెలిసింది. కట్టెల ఉల్లిగడ్డ తీరు పొరలుంటయ్. విల్లుకు బయటి దిక్కు, అంటే వీపు మీద, ఒక్క పొర కొస నుంచి కొస దాక తెగకుండ ఉండాలె. గుంజినప్పుడు ఆ పొరనే మొత్తం భారం మోస్తది. నేను నున్నగ చేస్త అని రందా పట్టి, దాన్ని ఆడాడ కోసి పెట్టిన. మెరుపుకు పోయి నడుం ఇరగ్గొట్టుకున్న. పొర తెగిన కాడనే, గీత గీసినట్టు, సక్కగ ఇరిగి ఉన్నది.

నిజం చెప్పాల్నంటే, గా నిమిషంల నాకు విల్లు మీద ఇష్టం పుట్టింది. అంతవరకు కోత కోసిన కాబట్టి చేస్తుంటి, అప్పటి నుంచి చెయ్యాలె కాబట్టి చేసిన.

రెండో బద్దను పసిపిల్ల లెక్క చూసుకున్న. వీపు మీద బెరడు గీకి తీసినగని, దాని కింది పొరను ముట్టుకోలే. చెక్కిందంతా కడుపు దిక్కే, అంటే తాడు ఉండే లోపటి దిక్కు. బాడిశతోటి సగం, ఆకురాయితోటి ఇంకింత, చివరికి సీసపెంకుతోటి కొద్దికొద్దిగ గీకుడు. గీకుడు, జరంత వంచుడు, ఏ దిక్కు తక్కువ వంగుతుందో చూసుడు, మళ్ల గా దిక్కు గీకుడు. దుకాణంల గూడ గదే పని. "అన్నా, నా ఫోను?" అని ఎవలన్న వస్తే, "ఫోను ఎటూ పోదు, ముందు గీ విల్లు వీపు చూడు" అంటుంటి. చూసినోనికి పాఠం చెప్పందే వదలకపోతి. "వీపు మీద గాటు పడొద్దు. కత్తి ముట్టొద్దు. గోరు గూడ పడొద్దు. గదే విల్లుకు ప్రాణం." ఖేడ్ల సగం మందికి విల్లు వీపు సంగతి నేనే నేర్పిన. కొందరైతే ఫోను బాగైనా తీస్కపోకుండ భయపడి గల్లి మార్చి నడిసిన్రు.

బతుకమ్మలు ఆడుతుండంగ విల్లు తయారైంది. చెయ్యి పట్టుకునే కాడికెళ్లి పైకొకటి, కిందికొకటి, రెండు కొమ్మలు ఒక్క తీరుగ వంగినయ్. మా పెరట్ల పత్తికట్టె కుప్ప ముందట నిలవడి బాణం వదిలితే, జుయ్యిమని పోయి కుప్పల మునిగింది. మొయిన్ నోరు తెరిసి బాణం దిక్కు, నా దిక్కు మార్చి మార్చి చూసిండు.

"సచ్చీ చేసినవ్ రా."

"మరేమనుకున్నవ్" అన్న. లోపల మాత్రం నాకే నమ్మబుద్ధైతలేదు. మా అమ్మ విల్లును చేతిలకు తీసుకొని పైకి కిందికి చూసి, "గీ సంబంధం కుదురుతది" అన్నది. నాకు గాలిల నడిసినట్టయ్యింది. ఆడికి ఆగి ఉంటే నేను ఇయ్యాల మీకు చెప్పేతందుకు ఏం ముచ్చట ఉండకపోవు.

దసర నాడు పొద్దున ఆయుధ పూజ. మాకాడ ట్రాక్టరు కాడికెళ్లి కుట్టుమిషను దాక అన్నిటిని కడిగి, పసుపు కుంకుమ పెట్టి మొక్కుతరు. నా స్క్రూడ్రైవర్ల పక్కన ఈపారి విల్లు ఉన్నది. ఇగ మా గల్లి గల్లంత కదిలొచ్చింది. ఒకలు ముట్టి చూస్తరు, ఒకలు పట్టుకొని ఫోటో దిగుతరు, ఒకలు "అబ్బ, ఎంత నున్నగున్నది" అంటరు. మా అమ్మ పానం ఆగలే.

"కొడుకా, మస్తు మంది కండ్లు పడ్డయ్. నిమ్మకాయ, మిరపకాయలు కడుత, ఉండు." దారానికి గుచ్చి తెచ్చింది.

కొత్త ఆటో అయినా, కొత్త దుకాణమైనా, కొత్త బోరు మోటరైనా మాకాడ నిమ్మకాయ లేనిది ముందుకు కదలదు. మరి కొత్త విల్లుకు వద్దంటమా? నేను గూడ నమ్మినోన్నే. కని దారంతోటి కడితే చేతి దిక్కు జారి వస్తుంది. ఇట్ల సవరిస్తే అట్ల జారుతుంది. బాణం కొట్టేటప్పుడు నిమ్మకాయ వేళ్లకు అడ్డమొస్తే? ఫోటోల మంచిగ కనవడకపోతే? పైంగ రేణుక చూస్తుంటది. గప్పుడు నాకు ఆలోచన వచ్చింది.

"మొయిన్, గా డబ్బల చూడు, చిన్న మొల ఉంటది. సుత్తె గూడ ఇయ్యి."

మొయిన్ సుత్తె ఇయ్యలే. "ఏడ కొడతవ్ మొల?"

"గీడ. చెయ్యి పట్టుకునే కాడికి జానెడు పైన. అందరికి కనవడతది."

"అది వీపు కద భాయ్. వీపు మీద గోరు పడొద్దంటివి కద. ఊరంత చెప్పుకుంట తిరిగితివి కద."

"గోరు వేరే, మొల వేరే. గోరైతే గీరుకుంట పోతది. మొల ఒక్క కాడనే నిమ్మళంగ ఉంటది."

ఇంతకంటె తెలివైన మాట నేను మళ్ల ఇంతవరకు అన్లే. మొయిన్ నా మొఖంల మొఖం పెట్టి చూసి, ఇగ వీనికి చెప్పేది లేదని సుత్తె చేతిల పెట్టిండు. ఒక్కటే దెబ్బ. మొల సక్కగ దిగింది. దాంతోపాటు లోపట ఏడనో టిక్కుమని సన్నగ ఒక సప్పుడు వచ్చింది.

"గదేంది?" అన్నడు మొయిన్.

"గట్టిగ పట్టింది" అన్న.

పొద్దు గూకంగ మైదానం నిండింది. అటు కొసకు పది తలకాయల రావణుడు, బొజ్జనిండ పటాకలు, ఎడమ కాలుకు పొడుగు వత్తి. ఇటు కొసకు నేను, పట్టుబట్టలు, నీలం రంగు, కిరీటం. ముందు వరుసల బస్వరాజు చేతులు కట్టుకొని నిలవడ్డడు. పక్కన రేణుక. గంత మందిల నాకు ఆమె ఒక్కతే కనవడ్డది. ఇంకో పక్కన మా అమ్మ కండ్లు మూసుకొని దేవుళ్లందరికి వరుసగ మొక్కుతుంది.

విఠల్ సేటు మైకు పట్టుకున్నడు. "మన శీను సొంత చేతులతోటి చేసిన ఒంటికట్టె విల్లు. మన ఊరికి గర్వకారణం. చప్పట్లు కొట్టుండ్రి."

చప్పట్లకు నా ఛాతి పొంగింది. మొయిన్ బాణం మొనకు చుట్టిన గుడ్డ అంటించి చేతికిచ్చిండు. తాడు చెవి దాక గుంజిన. వదలాలె. గప్పుడే సేటు, "ఆగు శీనూ, ఫోటో, ఒక్క ఫోటో" అన్నడు. ఫోన్లన్ని పైకి లేసినయ్. విల్లు గుంజి పట్టుకొని గట్లనే నిలవడ్డ. రేణుక దిక్కు కొంచెం తిరిగి చిన్నగ నవ్విన గూడ.

"వదులు రా" అని పక్కకెళ్లి మొయిన్ పండ్లు కొరుకుతుండు.

"ఇంకొకటి తీసుకోనీ" అన్న.

టప్‌మన్నది. నేను రావణుని బొజ్జల పటాక పేలిందనుకున్న. తర్వాత తెలిసింది, పేలింది నా చేతిలని. పై కొమ్మ ఇరిగి తాడుకు వేలాడుకుంట ఎనుకకు వచ్చి కిరీటాన్ని ఒక్క దెబ్బ కొట్టింది. కిరీటం పోయి సేటు కాళ్ల కాడ పడ్డది. మండే బాణం నా ముందట మట్టిల పడ్డది. ఆ ఇరిగిన ముక్క నా భుజం మీద ఊగుతుంటే, దాని మొలకు నిమ్మకాయ, మిరపకాయలు, ఒక్కటి గూడ చెక్కు చెదరకుండ, నా ముక్కు ముందట ఊగినయ్. కాపలా పెట్టిన కంచె చేను మేసిందంటరు కద, మేసి నా మొఖం మీదనే తేన్పు తీసింది.

ఎనుకకెళ్లి ఎవడో, "రావణాసురునికి జై" అన్నడు. ఇగ చూడుండ్రి, ఈలలే ఈలలు. పది మొఖాలతోటి ఆయన గూడ నన్ను చూసి నవ్వినట్టే అనిపించింది. బస్వరాజు మొఖం మాత్రం నవ్వుతలేదు. మా అమ్మ కండ్లు తెరిసి, నన్ను చూసి, మళ్ల మూసుకున్నది. అయిపోయింది శీనుగా, పిల్ల పోయింది అనుకున్న. అంత మందిల ఏడుపొచ్చినంత పనైంది.

"అగ్గిపెట్టె ఉన్నదా ఎవలకాడన్న?" అని సేటు మైకులనే అడిగిండు.

గప్పుడు రేణుక వరుసకెళ్లి బయటికొచ్చింది. మట్టిల మండుతున్న బాణాన్ని ఎనుక కొస పట్టుకొని లేపింది. మొయిన్‌ను అడిగింది, "వత్తి ఏడున్నది?"

"గా ఎడమ కాలు కాడ, భాభీ" అన్నడు మొయిన్. ఆడ సంబంధం ఇరుగుతుంటే వీడు అప్పుడే వదినను చేసి భాభీ అంటున్నడు.

ఆమె కొంగు దోపుకొని సక్కగ నడిసి పోయి వత్తికి అంటించింది. ఉరకలే, ఎనుకకు చూడలే, ఎట్ల పోయిందో గట్లనే నడుసుకుంట వచ్చింది. వరుసల నిలవడ్డంక రావణుడు లేసి పేలిండు. జనం అంతకుముందు ఏ దసరకు గూడ గట్ల చప్పట్లు కొట్టలే. రాముడు చేతులు పిసుక్కుంట చూసిండు.

మంట తగ్గినంక అందరు నా చుట్టు జమైన్రు. బస్వరాజు ముందటికొచ్చి, "ఏమైంది పిల్లగా?" అన్నడు.

నేను నోరు తెరిసేలోపు నా పక్షాన వకీళ్లు తయారు. "దిష్టి అన్నా, ఊరి దిష్టి మొత్తం పడ్డది" అన్నది మా అమ్మ. "కట్టెల దోషముంటది. తుమ్మ నమ్మరానిది" అన్నడు సేటు. మొయిన్ అయితే నా కండ్లల నీళ్లు చూసినట్టున్నడు, "మొల కొట్టింది నేను సాబ్. శీను వద్దనే అన్నడు" అన్నడు. గసొంటి దోస్తు ఎవనికి దొరకడు.

రేణుక నా భుజం మీది ముక్కను తాడు తప్పించి తీసుకున్నది. ఇరిగిన కాడ వేలు పెట్టి చూసింది. చీలిక సీదా మొల నుంచే బయలుదేరి ఉన్నది.

"అతుకు లేదు, జిగురు లేదు, ఇనుప మొల లేదు అన్నరు కద. మరి గిదేంది?"

నాలుక చివర దాక వచ్చింది, 'ఉత్తగనే ఇరిగింది' అని. ఒట్టు, వచ్చింది. గా మాట నోట్లకు రాంగనే ట్రాక్టరు టైరు, బర్రె పండ్లు, నా దుకాణానికి వచ్చిన మొఖాలన్ని మతికొచ్చినయ్. ఇగ నేను గూడ వాళ్ల వరుసల నిలవడతనా? పానం ఒప్పుకోలే.

"మొయిన్‌కు మొల కొట్టుడే రాదు. నేనే కొట్టిన" అన్న. ఆడికి ఆగొచ్చు కద. నా నోరు ఎన్నడాగింది? "ఒక్కటే దెబ్బకు దింపిన. చూడుండ్రి, జరంత వంకర గూడ పోలే."

రేణుక మొల దిక్కు చూసింది. నా నీలం మొఖం దిక్కు చూసింది. ఇగ నవ్విందీ, నిమ్మకాయ చేతిల పట్టుకొని, నిలవడలేక వాళ్ల నాయిన భుజం పట్టుకొని నవ్వింది. నవ్వుకుంటనే వాళ్ల ఇంటి మాటల, "ఇర్లి అప్పా, సుళ్ళు హేళల్ల ఇవ్రు" అన్నది. మా సరిహద్దుల కన్నడం అందరికి వస్తది. పోనీ నాయినా, ఈయన అబద్ధమైతే చెప్పడు, అని దాని అర్థం. నా పుట్టుకల గా మాట నా గురించి అన్నది ఆమె ఒక్కతే. మా అమ్మ గూడ ఎన్నడు అన్లే.

చుట్టూ జనం అప్పటికే జమ్మి ఆకు పంచుకొని, ఒకలనొకలు కావలించుకొని అలయ్ బలయ్ తీసుకుంటున్నరు. బస్వరాజు నా ముందట చెయ్యి చాపిండు.

"ఏంది పిల్లగా, పండుగ పూట మామకు జమ్మి పెట్టవా?"

రాముని వేషానికి జేబులుండవని నాకు గప్పుడు తెలిసింది. మొయిన్ ఉరికొచ్చి నా చేతిల జమ్మి ఆకు పెట్టిండు. నేను ఆయన చేతిల పెట్టి కాళ్లు మొక్కిన. లేసే వరకు ఆయన ధోతి మీద నా నీలం చేతులు రెండు అచ్చు గుద్దినట్టు పడ్డయ్. గా ధోతిని మా అత్తమ్మ ఇప్పటికి దాచిపెట్టింది.

పెండ్లైనంక ఒకనాడు ధైర్యం చేసి రేణుకకు చెప్పిన. "నువ్వు నన్ను అబద్ధం చెప్పనోడు అన్నవ్ గని, మీ ఇంటికి వచ్చిన నాడు నేను విల్లు మొఖమే చూడలే."

"తెల్సు" అన్నది కూరగాయలు కోసుకుంటనే. "మొయిన్ అన్నను అడిగితే నవ్విండు కద. గప్పుడే తెల్సింది."

"మరి తెలిసినంక దసరకు ఎందుకొచ్చినవ్?"

"చెప్పినోడు చేస్తడా, జొరమొచ్చిందంటడా చూద్దమని వచ్చిన. చేసినవ్ కద."

మిగిలిన కూరగాయలు నేను తీసుకొని కోసిన. పెండ్లైనంక అది షురువాత్, ఇప్పటికి గట్లనే నడుస్తుంది.

నేను విల్లులు చేసుడు మానిననుకోకుండ్రి. తర్వాత చేసిన తుమ్మవిల్లు మొన్నటి దసర దాక మస్తు కొట్టింది, రావణుడు రెండో మాట లేకుండ కాలిండు. దానికి గూడ మా అమ్మ నిమ్మకాయ కట్టింది, దారంతోటి. జారితే జారనీ. ఆ దసర నాడు ఇరిగిన విల్లు ముక్క మాత్రం ఇంట్లనే ఉంది. రేణుక దాన్ని ముందరి గదిల గోడకు పెట్టాలె అన్నది. వచ్చినోళ్లందరికి చూపెడతదట.

గందుకే పాఠకులారా, మీ అందరి ముందట, జమ్మి చెట్టు సాక్షిగ, ఇరిగిన నా విల్లు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్న. నా బొందిల పానమున్నంత వరకు నేను ఇనుప మొల ముట్ట. విల్లుకు కాదు, తలుపుకు కాదు, క్యాలెండరుకు గూడ కొట్ట. ఇది శీను మాట, దీనికి తిరుగు లేదు.

అంటే, గా విల్లు ముక్కను గోడకు వేలాడదీయాలన్నా మొల కావాలె కద. రేణుక కొట్టింది. ఒక్కటే దెబ్బకు దింపింది, జరంత వంకర గూడ పోలే. నేను కింద స్టూలు పట్టుకొని నిలవడ్డ.